మాట దగ్గర ఆగిపోయిన అర్జీలు
(సోలాపూర్‌లో ఒక మహిళా పొదుపు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఇదే గదిలో పథకాల జాబితా ఒకటి చదువుదామని వచ్చాను. మీరు చదవనివ్వలేదు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. వాటిలో ఒక దానికి ఆనాడు నా వద్ద సమాధానం లేకపోయింది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

అడిగినది మీ సంఘంలోని ఒక అక్క. ఆమె అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. భర్త మరణించాడు, ఇద్దరు పిల్లలు బడిలో ఉన్నారు. సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజనకు అర్జీ పెట్టుకోమని చెప్పి కాగితం ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి తిరిగి నా చేతిలో పెట్టి, “నాకు ఇద్దరు బిడ్డలున్నరు, పండుగకు పిలిచే అన్న ఉన్నడు. నేను నిరాధారను ఎట్లయితనమ్మా?” అన్నది.

తెలుగు చదువుకున్నదానిని గనుక ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంటాడింది. మన భాషలో నిరాధారం అంటే పునాది లేనిది. నిరాధారమైన ఆరోపణ అంటాం, అంటే అబద్ధమని అర్థం. అటువంటి మాటను ఒక గృహిణి తన పేరు పక్కన ఎందుకు రాయించుకుంటుంది? కానీ 1980 నుంచి నడుస్తున్న ఈ పథకంలో ఆ మాట ఎవరి గౌరవాన్నీ కొలవదు. సంపాదించే మనిషిని కోల్పోయిన స్త్రీ, దివ్యాంగులు, ఆదుకునేవారు లేనివారు, వీరందరినీ ఒక్క గుంపుగా పిలవడానికి ప్రభుత్వం వాడుకున్న పేరు మాత్రమే అది.

ఇంకొక మాట ఇంతకంటే చెడ్డది. మరాఠీ ప్రకటనలలో ‘దారిద్ర్య రేష’ అని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దాన్ని ‘దారిద్ర్య రేఖకు దిగువన గలవారు’ అని తెలుగు చేశాను. వ్యాకరణ దోషం ఏమీ లేదు. కానీ మన పేటలలో దరిద్రం అనేది తిట్టు. పొద్దున లేస్తూనే ఆ మాట నోట రానీయకూడదంటారు పెద్దలు. మీలో చాలామంది మరాఠీ బడిలో చదువుకున్నారు, తెలుగు మాట్లాడతారు గాని చదవరు. కనుక తెలుగు ప్రకటనను ఎవరో ఒకరు నలుగురిలో పైకి చదివి వినిపించవలసిందే. నలుగురిలో ఆ మాట విన్న తరువాత ముందుకు వచ్చి “అది నేనే” అనేది ఎవరు? ఆ తప్పు నాది. ఇప్పుడు ‘తక్కువ ఆదాయం గల కుటుంబాలు’ అని రాస్తున్నాను. ‘లాభార్థి’ అని ఉన్నచోట ‘అర్హులు’ అంటున్నాను, ఎందుకంటే మీరు లాభానికి వచ్చినవారు కారు.

ఇక అసలు సంగతి. ఈ పథకం కింద వితంతువులకు నెలకు 1,500 రూపాయలు వస్తుంది. వయస్సు 18 నుంచి 65 సంవత్సరాల లోపు ఉండాలి. ఆపైన శ్రావణ్‌బాళ్ పింఛను ఉంది. మహారాష్ట్రలో కనీసం 15 సంవత్సరాల నివాసం చూపాలి. కుటుంబ వార్షికాదాయం 21,000 రూపాయలు మించకూడదు, లేదా మీ పేరు ఆ పేదల జాబితాలో ఉండాలి. 21,000 అంటే నెలకు 1,750. ఆ డబ్బుతో ఈ నగరంలో ఏ ఇల్లు గడుస్తుందో నాకు తెలియదు. అయినా నియమం అదే. ఆ అక్క కుటుంబం పేరు జాబితాలో ఉంది. ఆమెను ఆపినది నియమం కాదు, మాట.

ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే చిన్నతనమని భావించేవారు కుంభారి వైపు ఒకసారి చూడండి. గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మికులకు పదివేల ఇళ్లు 2006లో అందాయి. ఆ ఇళ్లలో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా, కార్మికుల వాటా మూడూ ఉన్నాయి. ఆ ఇంటి తాళం తీసుకున్న ఏ తల్లినీ ఎవరూ దరిద్రురాలు అనలేదు. 2024 జనవరిలో రే నగర్‌లో మరో 15,000 ఇళ్లు అందాయి.

మాట తరువాత మనలను ఆపేది పేరు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

మా నాయనమ్మ పేరు ఎల్లమ్మ. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టింది. రేషన్ కార్డు రాసినవారు ఆమెను ఎల్లుబాయి చేశారు. భవిష్యనిధి చీటీలో యల్లమ్మ అయింది. ఆధార్‌లో ఇంగ్లీషు అక్షరాలు వేరొక విధంగా పడ్డాయి. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, ఇక్కడ భర్త పేరు నడుమ వచ్చి ఇంటిపేరు చివరకు పోతుంది. దేవనాగరిలో మన హ్రస్వ ఎకారానికి, ఒకారానికి వేరే గుర్తు లేదు. ఒక్క మనిషి కాగితాల మీద నలుగురయింది. పదేళ్ల సేవకు మించి ఉన్నా, 58 నిండినా, ఆ నలుగురూ ఒక్కరేనని నిరూపించేసరికి ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నరా ఆమె బీడీలు చుట్టడం మానలేదు.

కనుక ఈ వారం ఇంట్లో ఒక పని చేయండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు, భర్త మరణ ధ్రువపత్రం ఒకే చాప మీద పరచండి. చదువుకునే పిల్ల చేత ప్రతి దాని మీది పేరును అక్షరం అక్షరం చదివించండి. ఎక్కడ తేడా ఉందో ఒక కాగితం మీద రాయించండి. దిద్దుబాటు ముందు ఆధార్‌లో చేయించాలా, రేషన్ కార్డులోనా అన్నది ఎవరి కాగితాలను బట్టి వారికి చూసి చెప్పాలి. అందరికీ ఒకే మందు లేదు.

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవారు తమకు ఇక్కడ ఏమీ రాదని అనుకుంటున్నారు. అది పూర్తిగా నిజం కాదు. 2024లో లాడ్‌కీ బహీణ్ అర్జీలు తీసుకున్నప్పుడు, పరరాష్ట్రంలో పుట్టి ఇక్కడివారిని పెళ్లాడిన స్త్రీకి భర్త జనన పత్రం గాని, బడి వదిలిన దాఖలా గాని చాలునన్నారు. ఆ సంగతి తెలియక ఊరుకున్నవారు మీలోనే ఉన్నారు. ఒకరు 1,500 చొప్పున రెండు పథకాలలోనూ తీసుకోవడానికి మాత్రం వీలులేదు. నిన్నమొన్న పనికి వచ్చిన కుటుంబాలకు తెలంగాణ ఆహార భద్రతా కార్డు మీద కేంద్రం ఇచ్చే ధాన్యం ఇక్కడి రేషన్ దుకాణంలోనూ దొరుకుతుంది. దుకాణదారు కాదంటే సంఘం నుంచి ఇద్దరు తోడుగా వెళ్లండి.

అర్జీ తహసీల్ కార్యాలయంలో ఇస్తారు. ఇచ్చిన వెంటనే పావతి అడగండి. పావతి చేతికి రాకుండా గడప దాటవద్దు. మంజూరైన తరువాత కూడా ప్రతి సంవత్సరం బతికి ఉన్నట్టు దాఖలా ఇవ్వవలసి ఉంటుంది. ఇది మరచిపోయి డబ్బు ఆగినవారు ఉన్నారు. మీ పొదుపు పుస్తకం అట్ట లోపల ఎవరి గడువు ఎప్పుడో రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం నెల నెలా తెరుస్తారు గనుక మరచిపోరు.

ఆ అక్క మడిచి ఇచ్చిన అర్జీ ఇంకా నా సంచిలోనే ఉంది. వచ్చే శనివారం సాయంత్రం నేను ఇక్కడికే వస్తాను. అసలు కాగితాలు, రెండేసి నకళ్లు, ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే ఆ పిల్లను కూడా తీసుకురండి.