ఉద్దానం కిడ్నీ పరీక్షలు: జబ్బు లేనివాళ్ల రక్తం ఎందుకు?
(గ్రామంలో లబ్ధిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మా ఒంట్లో ఏ జబ్బూ లేదు కదా, మా రక్తం ఎందుకు తీస్తారు?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న.

పరిశోధనకు ప్రభుత్వం దగ్గరుండే డబ్బు కొంతే. అన్ని జబ్బుల మీదా, అన్ని ఊళ్లలోనూ ఒకేసారి పని చేయలేరు. అందుకని ముప్పును బట్టి వరస పెట్టుకోవాలి. ఎంతమందికి రావచ్చు, వస్తే ఎంత నష్టం, ఇప్పుడే కదిలితే ఎంత ఆపగలం అని చూడాలి. మన కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు షుగరు, బీపీ లేనివాళ్లకీ కిడ్నీలు పాడవుతున్నాయి. కొబ్బరి తోటలో, జీడి తోటలో కష్టపడే వయసులోనే మంచం పడుతున్నారు. డయాలసిస్ దాకా వెళ్తే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను దగ్గరే. తోడొచ్చిన మనిషి కూలీ కూడా పోయినట్టే. అందుకే పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం పెట్టారు. 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

కారణం మాత్రం ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, పురుగుమందులన్నారు. మరి రుజువు కాకుండానే హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు తేవడానికి సుమారు 700 కోట్లు ఎందుకు పెట్టారు? నీళ్లు కారణం కాకపోయినా మంచినీళ్లు వృథా పోవు. నీళ్లే కారణమైతే, రుజువు కోసం కూర్చున్న ప్రతి ఏడూ ప్రాణాలు పోతాయి. ఈ లెక్క సరైనదేనని నా అభిప్రాయం.

అయితే నీళ్లొచ్చాయి కదా, ఇక పరిశోధన దేనికి అనుకోకండి. నీళ్లు మారినా కొత్త కేసులు వస్తూనే ఉంటే డబ్బును ఇంకోవైపు మళ్లించాలి. ఆ సంగతి జబ్బు పడినవాళ్ల రక్తం ఒక్కటీ చూస్తే తెలీదు. అదే ఊళ్లో, అదే పని చేస్తూ బాగున్నవాళ్లకి ఎందుకు రాలేదో కూడా చూడాలి. మీ ఒక్క గొట్టం రక్తం అందుకు. పైగా ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. క్రియాటినిన్ పరీక్షలో, మూత్ర పరీక్షలోనే ముందు బయటపడుతుంది.

పిల్ల సంబంధం చెడిపోతుందని రిపోర్టు దాచే ఇళ్లున్నాయి. ఆ భయం ఉత్తిది కాదు. రిపోర్టు మీ చేతికే ఇవ్వమనండి, పదిమందిలో పేరు చదవొద్దని సిబ్బందికి చెప్పండి. అలా అడగడంలో తప్పేమీ లేదు.

ఇంకో మాట. పరిశోధనకు రక్తం ఇచ్చినంత మాత్రాన పింఛను రాదు. డయాలసిస్ వాళ్లకిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనుకి డాక్టరు ధ్రువపత్రంతో సచివాలయంలో విడిగా దరఖాస్తు పెట్టాలి. పాత రిపోర్టులు పారేయకండి. నడుం నొప్పికి దుకాణంలో మాత్రలు కొనేముందు ఏఎన్‌ఎం గారినో, ఆశా కార్యకర్తనో ఒకసారి అడగండి.