గోడ లోపలి పనితనం

రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తిచేసి సర్టిఫికెట్ అందుకుంటున్న మీకు హృదయపూర్వక అభినందనలు.

ఐటీఐ విద్యార్థులకు దేశమంతటా స్నాతకోత్సవం జరపడం 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు మొదలైంది. చేతిపని నేర్చినవాళ్లకు ఈ గౌరవం ఆలస్యంగానే దక్కింది. దాన్ని నిలబెట్టాల్సింది మీ పనే. అందుకే ఈ రోజు మీతో ఒక్క విషయమే మాట్లాడతాను. అది నీటైన పని గురించి.

నీటుగా చేయడమంటే చూడటానికి బాగుండటమే అనుకునేవాళ్లు చాలామంది. మన పనిలో అందం, భద్రత వేరు వేరు కావు. ఒక లెక్క చూడండి. 16 ఆంపియర్ల కరెంటు పోయే గీజర్ లైనులో స్క్రూ సరిగా బిగించక, ఆ కనెక్షన్ దగ్గర ఓమ్‌లో పదో వంతు నిరోధం ఏర్పడిందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే దాదాపు 25 వాట్ల వేడి. మీరు ల్యాబ్‌లో పట్టుకున్న చిన్న సోల్డరింగ్ ఐరన్‌ది కూడా అంతే. దాన్ని వెలిగించి, ప్లాస్టిక్ బోర్డు వెనక పెట్టి, మూత బిగించి వెళ్లిపోతామా? లూజ్ కనెక్షన్ వదిలేసి వచ్చినవాడు చేసేది ఆ పనే. ఇల్లు కాలాక మర్నాడు పేపర్లో మాత్రం షార్ట్ సర్క్యూట్ అని వస్తుంది.

వైరు తొడుగు తీసేటప్పుడు రాగి పోగులు తెగితే, ఆ కాస్త మేర వైరు సన్నబడిపోయినట్టే. బయటికి పొడుచుకొచ్చిన ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకితే చాలు, షార్ట్ అవుతుంది. స్విచ్‌ను ఫేజ్‌కు కాక న్యూట్రల్‌కు పెడితే, లైటు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. ఆ బల్బు మార్చడానికి స్టూలు ఎక్కేది ఆ ఇంటి పిల్లాడో, పెద్దాయనో.

ఇక ఎర్త్. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా వాటికన్నా పొడవుగా, లావుగా ఎందుకుంటుందో మీకు తెలుసు. పెట్టేటప్పుడు అది అన్నిటికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలి. తయారు చేసినవాడు అంత దూరం ఆలోచించాడు. గోడలో మూడో రంధ్రం వెనక ఆకుపచ్చ వైరే లేకపోతే ఆ ఆలోచనంతా వృథా. ఎర్త్ లేని మూడు పిన్నుల సాకెట్ ఆ ఇంటివాళ్లకు మనం చెప్పిన అబద్ధం. కూలర్ బాడీకి ఫేజ్ తగిలినా, పొలం దగ్గర ఇనుప స్టార్టర్ డబ్బాకు తగిలినా, సరైన ఎర్త్ ఉంటే ఫ్యూజు కొట్టేస్తుంది, లేదా బ్రేకర్ పడిపోతుంది. లేకపోతే ఆ ఇనుము తడి చేతి కోసం కాచుకుని ఉంటుంది. వేసవిలో కూలర్ ముట్టుకున్నవాళ్లు, పొద్దున్నే మోటారు వేయడానికి వెళ్లిన రైతులు ఎలా పోతున్నారో మన ఊళ్లలో అందరూ ఎరిగిందే. అందుకే, కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీయాంపుల ఆర్సీసీబీ కూడా పెట్టమని ఇంటివాళ్లకు నచ్చజెప్పండి. పెట్టాక టెస్ట్ బటన్ నొక్కి చూపించి, నెలనెలా నొక్కమని చెప్పి రండి.

మీ పనిని చదివే మనిషి ఇంకొకడున్నాడు. కొన్నేళ్ల తర్వాత ఏ రాత్రో ఫాల్ట్ వెతుక్కుంటూ అదే బోర్డు విప్పే మరో ఎలక్ట్రీషియన్. రంగుల క్రమం తప్పకుండా, పెట్టెలో జానెడు వైరు మిగిల్చి, డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ప్రతి బ్రేకర్ కింద ఏది ఎక్కడికో రాసి పెడితే, అతను తప్పు ఎక్కడుందో నిమిషాల్లో పట్టుకుంటాడు. అన్నీ ఒకే రంగు వైర్లు, టేపు చుట్టిన ముడులు కనిపిస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పనిచేయాలి. నీటుగా చేసిన పని మీ పేరు తెలియని సాటి పనివాడికి మీరిచ్చే రక్షణ.

రేపటి నుంచి మీకు ఒత్తిళ్లు ఉంటాయి. "అద్దె ఇల్లేగా, ఎర్త్ ఎందుకు?" అని ఓనరు అంటాడు. "సాయంత్రానికల్లా అయిపోవాలి" అని మేస్త్రీ తొందరపెడతాడు. రేటు తగ్గించమంటే ఒప్పుకోవాలో వద్దో మీ ఇష్టం. వైరు మందం తగ్గించమన్నా, ఎర్త్ వదిలేయమన్నా మాత్రం కుదరదని గౌరవంగా చెప్పండి. మందులో సగం తగ్గించమంటే డాక్టరు తగ్గించడు. కుదరదనే హక్కు మీకూ ఈ సర్టిఫికెట్ ఇచ్చింది.

మన పని మీద ప్లాస్టరింగ్ పడుతుంది, రంగు పడుతుంది. గృహప్రవేశం నాడు టైల్స్‌ను మెచ్చుకుంటారు, తలుపుల చెక్కడం మెచ్చుకుంటారు. పైపుల్లో వైరు ఎంత పద్ధతిగా లాగారో ఎవరూ అడగరు. ఎవరూ చూడని చోట కూడా సరిగా చేశానని తెలిసినవాడికి వేరే మెప్పు అక్కర్లేదు. గర్వపడాల్సింది దానికే.

విద్యార్థులారా, మీరు పనిచేసిన ఏ ఇంట్లోనైనా మీ సొంత అమ్మానాన్నలను నిశ్చింతగా నిద్రపోనివ్వగలరా? ప్రతి బోర్డు మూత బిగించే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. అవునని చెప్పగలిగితేనే స్క్రూ తిప్పండి. మీ చేతులు చల్లగా ఉండాలి, మీరు వెలిగించిన ఇళ్లు క్షేమంగా ఉండాలి.

జైహింద్.