షెరీఫ్ డిప్యూటీ: విధులు, దేహశ్రమ

ఈనాటి పాఠాన్ని ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపున, కుడిచేతి రెండు వేళ్లు మెల్లగా ఆనించండి. నాడి అందుతుంది. గడియారం చూస్తూ అరనిమిషం లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను రెట్టింపు చేయండి. ప్రశాంతంగా కూర్చున్నవారికి సాధారణంగా అది 60 నుంచి 100 మధ్య ఉంటుంది. మీకు వచ్చిన సంఖ్యను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాఠం చివర దానితో మనకు పని ఉంది.

ఈ రోజు మన అంశం అమెరికాలోని షెరీఫ్ డిప్యూటీ ఉద్యోగం. సైన్సు పాఠంలో ఉద్యోగం సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. విశ్రాంతిగా ఉన్న దేహం ఒక్కసారిగా తీవ్రశ్రమలోకి దూకితే లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఈ ఉద్యోగం కంటే మంచి ఉదాహరణ దొరకదు. పైగా పోలీసు ఉద్యోగం కోసం మైదానాల్లో పరుగెత్తుతున్న మన యువతీయువకులకూ, ఇప్పటికే ఆ ఉద్యోగంలో ఉన్నవారికీ ఇందులో తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది.

షెరీఫ్ ఎవరు, డిప్యూటీ ఎవరు?

షెరీఫ్ అనే మాట ఇంగ్లండులో పుట్టింది. షైర్ అంటే అక్కడ జిల్లా లాంటి ప్రాంతం. రీవ్ అంటే రాజు తరఫున పనిచేసే అధికారి. ఆ రెండు మాటలూ కలిసిపోయి షెరీఫ్ అయ్యాయి. ఆంగ్లేయుల కాలంలో ఈ పదవి మన దేశానికీ వచ్చింది. బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలకు షెరీఫులు ఉండేవారు. కాలక్రమంలో మన దగ్గర అది నగర ప్రముఖులకు ఇచ్చే గౌరవ పదవిగా మారిపోయింది.

అమెరికాలో అలా జరగలేదు. అక్కడ ప్రతి రాష్ట్రమూ కౌంటీలుగా విభజించబడి ఉంటుంది. కొన్నిచోట్ల పేర్లు వేరుగా ఉన్నా, దేశం మొత్తం మీద ఇలాంటివి 3,000కు పైగా ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో కౌంటీ షెరీఫ్‌ను ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. పదవీకాలం ఎక్కువచోట్ల నాలుగేళ్లు. ఆయన కింద ప్రమాణం చేసి పనిచేసే ఉద్యోగులే డిప్యూటీలు. డిప్యూటీ అనగానే మన డిప్యూటీ కలెక్టరు లాంటి పెద్ద హోదా అనుకోకండి. వీధిలో, జైలులో, కోర్టులో నిలబడి పనిచేసే ఉద్యోగి ఆయన. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లివచ్చిన తల్లిదండ్రులు, పక్కన షెరీఫ్ అని రాసి ఉన్న కార్లను చూసే ఉంటారు. వాటిలో తిరిగేది ఈ డిప్యూటీలే.

ఒక్క ఉద్యోగం, నాలుగు శాఖల పని

మన దేశంలో శాంతిభద్రతలు పోలీసు శాఖ చూస్తుంది. జైళ్లకు వేరే శాఖ ఉంది. కోర్టు నోటీసులు ఇంటికి తెచ్చి అందించే పని కోర్టు సిబ్బందిది. వరదల్లో, కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడడానికి విపత్తు దళాలు, అగ్నిమాపక సిబ్బంది వస్తారు. అమెరికా కౌంటీల్లో ఈ పనుల్లో చాలా భాగం షెరీఫ్ కార్యాలయం మీదే పడుతుంది.

మొదటిది గస్తీ. నగరాలకు సొంత పోలీసులు ఉంటారు. నగర పరిధికి బయట ఉన్న ఊళ్లు, పొలాలు, అడవులు, ఎడారులు డిప్యూటీల బాధ్యత. సొంత పోలీసు వద్దనుకున్న చిన్న నగరాలు కూడా ఒప్పందం మీద షెరీఫ్ సేవలు తీసుకుంటాయి. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ విస్తీర్ణం సుమారు 52,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రంలో దాదాపు సగం. అంత పెద్ద కౌంటీల మారుమూల ప్రాంతాల్లో ఒక డిప్యూటీ సాయం కోరితే, రెండో డిప్యూటీ కారు చేరడానికి చాలాసేపు పట్టవచ్చు. ఆ లోపల ఆయనకు ఉన్నది ఆయన దేహమే.

రెండోది జైలు. విచారణ పూర్తికాని నిందితులనూ, ఎక్కువచోట్ల ఏడాది లోపు శిక్ష పడినవారినీ కౌంటీ జైలులో ఉంచుతారు. కొత్తగా చేరిన డిప్యూటీలను చాలా కౌంటీల్లో ముందు జైలు విధులకే పంపుతారు. కాంక్రీటు నేల మీద గంటల తరబడి నడవాలి. నిర్ణీత వ్యవధిలో ప్రతి గదినీ స్వయంగా చూసి రావాలి. ఎక్కడైనా కొట్లాట జరిగితే విడదీయాలి. ఎవరైనా ప్రాణం తీసుకోబోతే ఆపాలి.

మూడోది కోర్టు పని. న్యాయస్థానంలో భద్రత, ఖైదీలను తీసుకురావడం, సమన్లు అందించడం, కోర్టు ఉత్తర్వు మీద ఇల్లు ఖాళీ చేయించడం. ఇందులో కండబలం కన్నా ఓర్పు ఎక్కువ కావాలి. కాని తలుపు తట్టినప్పుడు లోపల ఎవరున్నారో, ఏ మనఃస్థితిలో ఉన్నారో తెలియదు.

నాలుగోది గాలింపు, రక్షణ. పశ్చిమ రాష్ట్రాల్లో చాలాచోట్ల కొండల్లో దారితప్పినవారిని వెతికే బాధ్యత చట్టప్రకారం షెరీఫ్‌దే. స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి, స్ట్రెచరు మోసుకుంటూ రాళ్లదారిన దిగవలసి వస్తుంది.

ప్రవేశపరీక్ష చెప్పే సంగతి

ఈ పనులకు దేహం సరిపోతుందా అని ఎలా చూస్తారు? కాలిఫోర్నియా పోలీసు శిక్షణలో వాడే పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. అందులో ఐదు అంశాలు ఉంటాయి. 99 గజాల మలుపులూ అడ్డంకులూ ఉన్న పరుగు. 165 పౌండ్ల, అంటే 75 కిలోల బొమ్మను 32 అడుగులు ఈడ్చడం. ఆరడుగుల ఇనుప వల కంచె ఎక్కి దూకడం. ఆరడుగుల గోడ ఎక్కి దూకడం. చివరగా 500 గజాల పరుగు, అంటే సుమారు 457 మీటర్లు.

గమనించారా? ఇందులో మారథాను లేదు. అన్నీ కొద్ది సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు ముగిసే పనులే. ఎందుకంటే నిజమైన విధుల్లోనూ అలాగే జరుగుతుంది. తరిమి పట్టుకోవడం, పెనుగులాట, గాయపడినవారిని ఈడ్చుకురావడం, అన్నీ నిమిషాల్లో తేలిపోతాయి.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. డిప్యూటీ బరువు 80 కిలోలు అనుకుందాం. బుల్లెట్లను ఆపే కవచం, నడుం పట్టీకి పిస్తోలు, తూటాలు, బేడీలు, రేడియో, టార్చి, టేజర్. ఇవన్నీ కలిసి దాదాపు 10 కిలోలు. మొత్తం 90 కిలోలు. గోడ ఎక్కేటప్పుడు ఆయన దేహం రెండు సెకన్లలో ఒక మీటరు పైకి లేచిందనుకుంటే, చేసిన పని 882 జౌళ్లు. సామర్థ్యం 441 వాట్లు. అంటే అశ్వసామర్థ్యంలో సగానికి పైనే. ఒక మనిషి దేహం అంత సామర్థ్యాన్ని ఇవ్వగలదు, కాని ఎక్కువసేపు ఇవ్వలేదు.

కండరంలో ఇంధనం

ఎందుకు ఇవ్వలేదో చూద్దాం. కండరం సంకోచించడానికి ఏటీపీ అనే అణువు కావాలి. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. ఆ తరువాత ఫాస్ఫోక్రియాటిన్ అనే నిలవ పదార్థం దానిని తిరిగి తయారుచేస్తుంది. తీవ్రశ్రమలో అది పది సెకన్ల వరకు వస్తుంది. ఆపైన ముఖ్యభారం మీరు పాఠశాలలో చదువుకున్న అవాయు శ్వాసక్రియ మీద పడుతుంది. గ్లూకోజు ఆక్సిజన్ లేకుండానే విడిపోయి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో కాళ్లూ చేతులూ బరువెక్కిపోతాయి. గుండె, ఊపిరితిత్తులు తగినంత ఆక్సిజన్ అందించగలిగితేనే ఆ తరువాత పని సాగుతుంది. అందుకే ఒక నిమిషం పెనుగులాట తరువాత బలశాలి కూడా రొప్పుతాడు.

పైన వేసుకున్న కవచం ఇంకో ఇబ్బంది పెడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి దేహం నుంచి పోతుంది. ఛాతీ, వీపు మూసి ఉంటే అక్కడి చెమట ఆవిరి కాదు, కారిపోతుంది. కారిపోయిన చెమట దేహాన్ని చల్లబరచదు.

కాని ఈ ఉద్యోగంలో ఎక్కువ సమయం గడిచేది పరుగులో కాదు, కూర్చోవడంలో. కారులో, కోర్టులో, నివేదికలు రాసే బల్ల దగ్గర గంటలు గడుస్తాయి. పట్టీకి ఉన్న సామాను వీపుకూ సీటుకూ మధ్య ఒత్తుకుని నడుంనొప్పి వస్తుంది. రాత్రి డ్యూటీల్లో దొరికిన తిండి తినాలి, పగలు నిద్ర పట్టదు. 17 గంటలు మేలుకొన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక పరిశోధన చూపింది. ఆ స్థితిలో వేగంగా కారు నడపవలసి వస్తే ఏమవుతుందో ఊహించండి.

అసలు ప్రమాదం ఎక్కడ ఉంది?

అసలు విషయానికి వచ్చాం. పోలీసు ఉద్యోగంలో ప్రమాదం అంటే మనకు తుపాకీ గుర్తొస్తుంది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హార్వర్డ్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 1984 నుంచి 2010 వరకు అమెరికాలో విధుల్లో ఉండగా సంభవించిన పోలీసు మరణాలను వారు పరిశీలించారు. ఆకస్మిక గుండె మరణాలు 441 లెక్కకు వచ్చాయి. వాటిలో దాదాపు నాలుగో వంతు పెనుగులాట లేదా నిందితుడిని అదుపు చేసే సమయంలో జరిగాయి. ఐదో వంతు వ్యాయామ శిక్షణలో జరిగాయి.

ఆ పనులకు వెచ్చించే సమయం మాత్రం చాలా తక్కువ. దానిని లెక్కలోకి తీసుకుని, మామూలు విధుల సమయంతో పోల్చి చూశారు. అదుపు చేసే సమయంలో గుండె ఆగే ప్రమాదం 34 నుంచి 69 రెట్లు ఎక్కువ. తరిమేటప్పుడు 32 నుంచి 51 రెట్లు. వ్యాయామ శిక్షణలో 20 నుంచి 23 రెట్లు.

దీనికి కారణం దేహశాస్త్రంలో ఉంది. ఆపద కనిపించగానే అధివృక్క గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటున్న గుండె క్షణాల్లో 150 దాటిపోవచ్చు. రక్తపీడనం ఎగబాకుతుంది. క్రీడాకారుడు పరుగుకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుంటాడు. డిప్యూటీకి ఆ అవకాశం ఉండదు. ఏళ్ల తరబడి కూర్చున్న పనిలో, సరైన తిండీ నిద్రా లేక హృదయ ధమనుల్లో కొవ్వు పేరుకుని ఉంటే, ఈ హఠాత్తు ఒత్తిడికి ఆ కొవ్వుపొర చిట్లి రక్తం గడ్డకట్టవచ్చు. గుండె లయ తప్పవచ్చు. కనుక అసలు ప్రమాదం పరుగులో లేదు. పరుగుకు అలవాటు తప్పిన దేహాన్ని ఒక్కసారిగా పరుగెత్తించడంలో ఉంది.

ఇది మనకు ఎందుకు?

నేను పాఠాలు చెప్పే చోట ప్రతి ఏటా తెల్లవారుజామున మైదానం నిండిపోతుంది. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు వస్తారు. తెలంగాణలో 2022 నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. పిల్లలు ఆ సెకన్ల కోసం నెలల తరబడి కష్టపడతారు. ఉద్యోగం వచ్చిన తరువాత మైదానానికి తిరిగి వచ్చినవారిని మాత్రం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. నా దగ్గర చదువుకున్న ఒకాయన పరుగులో అందరికన్నా ముందుండేవాడు. నలభై దాటాక ఒకసారి నన్ను చూడడానికి వచ్చి, రెండో అంతస్తు మెట్లెక్కి, ఐదు నిమిషాల దాకా మాట్లాడలేకపోయాడు. నవ్వుతూ, "డ్యూటీలు మాస్టారూ, తీరిక ఎక్కడిది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రెండో ప్రమాదం ఎంపిక దగ్గరే ఉంది. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాలు జరిగాయి. గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తే ఆ పరీక్షల సందర్భంగా పన్నెండు మంది అభ్యర్థులు మరణించినట్లు వార్తలు వచ్చాయి. ఒక్కొక్కరి విషయంలో కారణం వేరు కావచ్చు. మనం నేర్చుకోవలసింది మాత్రం ఒకటే. పరీక్ష నెల ముందు మొదలుపెట్టిన పరుగుతో గుండె తయారు కాదు. దూరాన్ని, వేగాన్ని కొన్ని నెలల మీద కొంచెం కొంచెంగా పెంచాలి. గుండె కండరం మందంగా మారే వంశపారంపర్య జబ్బు కొందరికి ఉంటుంది, పైకి తెలియదు. పరుగులో ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, కుటుంబంలో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయినా, ముందు వైద్యుడిని కలవండి. మైదానానికి తరువాత వెళ్లవచ్చు. జ్వరంతో పరుగెత్తవద్దు. ఉత్తేజం కోసం ఎవరో ఇచ్చిన మాత్రలు అసలే వద్దు.

ఉద్యోగంలో ఉన్నవారికి ఒక మాట. దక్షిణాసియా ప్రజలకు గుండెజబ్బులు పాశ్చాత్యులకన్నా చిన్నవయసులోనే వస్తున్నాయి. ఏడాదికోసారి రక్తపీడనం, చక్కెర, కొలెస్టరాల్ చూపించుకోండి. వారంలో ఎక్కువ రోజులు అరగంట చురుకుగా నడవండి. అధికారులకు కూడా ఒక మనవి. ప్రవేశం రోజున గడియారంతో కొలిచిన ఆరోగ్యాన్ని తరువాత ముప్పై ఏళ్లూ పట్టించుకోకపోతే ఆ కొలతకు అర్థం లేదు. డ్యూటీ వేళల్లోనే వ్యాయామానికి కొంత సమయం ఇవ్వడం సిబ్బందికి చేసే ఉపకారం కాదు. అది ఉద్యోగంలో భాగం.

ఇక మీ కాగితం తీయండి. ఆరోగ్యంగా ఉన్నవారు రెండు నిమిషాలు మెట్లు ఎక్కి దిగండి. గుండెజబ్బు ఉన్నవారూ, గర్భిణులూ ఈ ప్రయోగం చేయవద్దు. ఆగిన వెంటనే పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఒక నిమిషం ఆగి మళ్లీ అలాగే చూడండి. నాడి ఎంత త్వరగా మొదటి సంఖ్య వైపు దిగివస్తే మీ గుండె అంత బాగా అలవాటు పడి ఉందని అర్థం. నెమ్మదిగా దిగుతుంటే భయపడనక్కరలేదు. రేపటి నుంచి నడక మొదలుపెట్టి, మూడు నెలల తరువాత ఇదే ప్రయోగం మళ్లీ చేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.