నాలుగు ఫోన్లు, ఒక వైఫై, ఒక కేబుల్: ఇంటి డబ్బులు యాడికి పోతాండాయి?

రాజంపేట నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేసినా. ఈరోజు కోడింగ్ లేదు, కొత్త ఫోన్ రివ్యూ లేదు. రీఛార్జ్ గురించి మాట్లాడుకుందాం. "అన్నా, ఇంట్లో అందరి రీఛార్జులకే జీతంలో సగం పోతాంది" అని కామెంట్లు పెడతానే ఉండారు. సగం అనేది కొంచెం ఎక్కువేలే గానీ, లెక్క వేస్తే అంకె చిన్నదేం కాదు.

మన పక్క ఉండే ఒక మామూలు ఇల్లు అనుకుందాం. నాయన కువైట్‌లో ఉంటాడు. ఇంట్లో జేజి, అమ్మ, నువ్వు, చెల్లెలు. రాజంపేట, కోడూరు, రాయచోటి పక్క ఇట్లాంటి ఇళ్లు ఎన్ని ఉండాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. జేజిది బటన్ ఫోన్, దానికి 199 రీఛార్జ్. మిగతా ముగ్గురికీ రోజుకు 1.5 జీబీ వచ్చే 299 ప్లాన్. వైఫై 399. కేబుల్ 300 అనుకోండి.

ఈ రేట్లు ఎప్పటివో కూడా చెప్పేస్తా. 2024 జూలై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒకటి రెండు రోజుల తేడాతో పెంచేసినాయి. జియోలో 239 ఉండేది, ఎయిర్‌టెల్‌లో 265 ఉండేది, రెండూ 299 అయినాయి. నేను ఆ రేట్లతోనే లెక్క వేస్తాండా. మీరు వీడియో చూసే రోజుకు మారి ఉంటే మీ యాప్‌లో చూసి అంకె మార్చుకోండి, పద్ధతి అదే.

ఇప్పుడు చూడండి. 299 ప్లాన్ నెలకు కాదు, 28 రోజులకు. ఏడాదికి 365 రోజులు. 28 పదమూడు సార్లు వేస్తే 364. అంటే మనం కట్టేది పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు. క్యాలెండర్‌లో లేని నెలకు కూడా రీఛార్జ్ చేస్తాండాం అన్నమాట! దీని మీద జనం గోల పెడితే 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఆర్డర్ ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటన్నా, ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్ ఒకటన్నా పెట్టాల్సిందే అని. పెట్టినారు. కాకపోతే యాప్ తెరవంగానే అవి పైన కనపడవు, కిందికి తోసుకుంటా పోవాల.

సరే, లెక్క. 299 పదమూడు సార్లు అంటే ఒక్క ఫోన్‌కు 3,887. ముగ్గురికి 11,661. జేజిది 199 పదమూడు సార్లు, 2,587. వైఫై 399 అంటారు గానీ దాని మీద 18 శాతం జీఎస్టీ ఉండాది, చేతికి వచ్చే బిల్లు 471. ఏడాదికి 5,652. కేబుల్ 3,600. అన్నీ కూడితే 23,500 రూపాయలు. ఇందులో ఓటీటీ కలపలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఇంట్లో ఇంటర్నెట్ ఎన్నిసార్లు కొంటాండారు? నాలుగు సార్లు. ముగ్గురి ఫోన్లలో రోజుకు 1.5 జీబీ, మళ్లీ గోడకు ఒక రౌటర్. ఇంట్లో బోరు నిండా నీళ్లు ఉండంగా రోజూ మూడు ట్యాంకర్లు తెప్పించుకున్నట్టు. పైగా ఈ ట్యాంకర్‌లో నీళ్లు వాడకపోతే అర్ధరాత్రి పన్నెండుకు వాళ్లే వచ్చి పారబోస్తారు. డైలీ డేటా అంటే అదే కదా, మిగిలింది రేపటికి రాదు.

ఒక పని చేయండి, ఇప్పుడే, వీడియో పాజ్ చేసి. ఫోన్ సెట్టింగ్స్‌లోకి పోయి డేటా యూసేజ్ చూడండి. మొబైల్ డేటా ఎంత, వైఫై ఎంత అని వేరువేరుగా చూపిస్తుంది. వైఫై ఉండే ఇళ్లలో మొబైల్ డేటా నెలకు నాలుగైదు జీబీ దాటని వాళ్లు కూడా ఉంటారు. వాళ్లు మాత్రం 42 జీబీకి డబ్బు కడతాండారు.

అందుకని నేను చెప్పేది ఒకటే: ఇంటికి ఒక ఇంటర్నెట్ పెట్టుకోండి. వైఫై ఉంచుకుంటారా, ఫోన్ డేటా ఉంచుకుంటారా ముందు తేల్చుకోండి. రెండూ ఫుల్‌గా వద్దు. ఏది ఉంచుకోవాల అనేది మాత్రం ఇంటిని బట్టి ఉంటుంది.

నాయన కువైట్‌లో ఉండే ఇల్లయితే వైఫై తీయొద్దు అంటా. ఎందుకంటే అక్కడ శుక్రవారం సెలవు. ఆరోజు వీడియో కాల్ అంటే ఐదు నిమిషాలతో అయిపోదు. జేజి మాట్లాడాల, అమ్మ మాట్లాడాల, చెల్లెలు మార్కులు చెప్పాల, ఇంటి పని యాడి దాకా వచ్చిందో గోడ గోడ చూపించాల. మనకూ కువైట్‌కూ రెండున్నర గంటలు తేడా. ఆయన డ్యూటీ దిగి, తిని, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే మనకు పదిన్నర. అప్పటికి నువ్వు రీల్స్ చూసి అమ్మ ఫోన్‌లో 1.5 జీబీ ఖాళీ చేసేసి ఉంటావు. లిమిట్ అయిపోయినాక స్పీడ్ 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంట్లో నాయన ముఖం గళ్లు గళ్లుగా కనపడుతుంది. ఆ ఇంటికి వైఫై ఖర్చు కాదు, అవసరం. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి దానికో చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోండి.

వైఫై ఉంచుకున్నాక ఫోన్లు తగ్గించాల. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఇంకో రూల్ తెచ్చింది: డేటా వద్దు, మాటలూ మెసేజ్‌లూ చాలు అనే వాళ్లకు వేరే ప్లాన్ పెట్టి తీరాల, దాని గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు అని. 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్లాన్లు దించినాయి. ఎయిర్‌టెల్‌లో 469 కి 84 రోజులు, 1,849 కి ఏడాది. జియోలో 448 కి 84 రోజులు. బటన్ ఫోన్ జేజికి ఇంతకంటే ఏం కావాల? పదమూడు సార్లు 199 కట్టే బదులు ఒక్కసారి 1,849. చెల్లెలు ఫోన్ తీసుకుపోనియ్యని జూనియర్ కాలేజీలో చదువుతాంటే ఆ అమ్మాయికీ ఇదే సరిపోతుంది, ఇంటికొస్తే వైఫై ఉండనే ఉండాది.

అమ్మకు మాత్రం ఈ ప్లాన్ వేయొద్దు. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా. ఖర్చు తగ్గించాల అనంగానే చానా ఇళ్లలో మొదట ఆపేది అమ్మ రీఛార్జే. "ఆమె ఇంట్లోనే ఉంటుంది కదా" అంటారు. ఆమె రేషన్‌కు పోతుంది, బ్యాంకుకు పోతుంది, తోటలో కూలి పనికి పోతుంది. బయట డేటా లేకపోతే ఫోన్‌పే పలకదు. నాయన పగలు ఏదన్నా అర్జెంటుగా వాట్సాప్‌లో చేస్తే అందదు. ఇంకా ఘోరం ఏందంటే, కొంతమంది అసలు రీఛార్జే ఆపేస్తారు. ప్లాన్ అయిపోయిన కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ ఆగుతుంది. బ్యాంక్ ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ నంబర్ మీదే ఉంటాయి. అట్లే వదిలేస్తే నంబరే రద్దయిపోతుంది, రద్దయి 90 రోజులు దాటినాక దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు. కువైట్ నుంచి డబ్బు పడే అకౌంట్‌కు లింక్ అయిన నంబర్ ఎవరి చేతికో పోతే ఆ తలనొప్పి ముందర నువ్వు మిగిలించిన మూడొందలు ఎంత?

తగ్గించాల అనుకుంటే నీ ఫోన్ నుంచి మొదలుపెట్టు తమ్ముడూ.

అమ్మకూ నీకూ 28 రోజులది వదిలేసి 84 రోజులది వేసుకోండి. జియోలో అదే 1.5 జీబీ 84 రోజులకు 799. ఏడాదికి సుమారు 3,472 పడుతుంది, 3,887 కాదు. ఇప్పుడు మొత్తం చూడండి: జేజి, చెల్లెలు చెరి 1,849, అమ్మ, నువ్వు చెరి 3,472, వైఫై 5,652, కేబుల్ 3,600. మొత్తం 19,894. మూడు వేల ఆరొందల ఆరు రూపాయలు మిగిలినాయి, ఎవరి సీరియల్‌నూ ముట్టుకోకుండా.

బయటి దేశంలో ఎవరూ లేరు, ఇంట్లో పెద్దగా వీడియోలు చూడరు అనుకుంటే రౌటర్ వాపసు ఇచ్చేయండి. ముగ్గురికి 799, జేజికి 1,849, కేబుల్. 15,865 అవుతుంది. 7,635 మిగులు.

కానీ 799 ఒకేసారి యాడ తేవాల అని అడిగే వాళ్లు ఉంటారు, అది న్యాయమైన ప్రశ్నే. చేతిలో డబ్బు ఉండేవాడికి రోజు లెక్కన తక్కువ పడుతుంది, లేనివాడికి ఎక్కువ పడుతుంది. కిరాణా కొట్లో పది రూపాయల పొట్లం కొనేవాళ్ల కథే. నలుగురికీ ఒకే నెలలో మార్చొద్దు. ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి. నాలుగు నెలల్లో అందరిదీ మారిపోతుంది, భారం కూడా తలా ఒక నెల పడుతుంది.

టీవీ సంగతి తొందరగా చెప్పేస్తా. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఛానల్ ఛానల్‌గా కొనుక్కునే హక్కు మనకు ఉండాది. ఒక్కో ఛానల్ రేటు టీవీలోనే కనపడుతుంది. కేబుల్ అన్న ఇచ్చే ప్యాక్‌లో మీరు ఒక్కరోజు కూడా పెట్టని ఛానళ్లు ఎన్ని ఉండాయో చూడండి. విడిగా తీసుకుంటే తగ్గుతుందా అని అడగండి. ఒక్కోసారి తగ్గదు, ప్యాక్‌కు డిస్కౌంట్ ఉంటుంది కాబట్టి. రెండు రేట్లూ రాయించుకుంటే తెలిసిపోతుంది. అడిగే ముందు ఇంకోటి తెలుసుకోండి: నెట్‌వర్క్ ఫీజుకు ఇంతకు మించకూడదు అని ఉండే పరిమితిని 2024 జూలైలో తీసేసినారు, కాబట్టి పాత 130 లెక్క చూపించి కొట్లాడితే పని కాదు. డీడీ ఫ్రీ డిష్‌కు నెల బిల్లే లేదు, సప్తగిరి వస్తుంది, కానీ అందులో హిందీ ఛానళ్ల జోరు ఎక్కువ. అమ్మ చూసే సీరియల్ ఛానల్ అందులో ఉందో లేదో చూసుకోకుండా డిష్ కొనొద్దు.

టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఒకే తీగలో అనేది మన రాష్ట్రానికి కొత్తేం కాదు. ఏపీ ఫైబర్‌నెట్ కంపెనీ 2015లో పెట్టినారు, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగినారు, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. మూడూ కలిపి 149 రూపాయలు అన్నారు. ఆ తర్వాత రేట్లు మారినాయి. కానీ లాజిక్ ఈరోజుకీ పనికొస్తుంది: మీ వీధిలో కేబుల్ ఇచ్చే అన్నే నెట్ కూడా ఇస్తాంటే, రెండూ కలిపి ఎంత అని బేరమాడండి. విడివిడిగా కట్టే ఇంటికంటే కలిపి కట్టే ఇంటిని వదులుకోవడం ఆయనకు కష్టం.

ఓటీటీల్లో నేను ఒకటే చెప్తా. ఐపీఎల్ కోసం తీసుకున్నది ఐపీఎల్ అయిపోయినాక కూడా కట్ అవుతాందేమో చూడండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక చోటు ఉంటుంది. అందులోకి పోతే నీకు తెలియకుండా ఎవరెవరు నెల నెలా తీసుకుంటాండారో లిస్ట్ వస్తుంది. అక్కడే క్యాన్సిల్ చేయొచ్చు.

ఈరోజు మీ ఇంటి లెక్క ఒక పేపర్ మీద వేసి ఫోటో తీసి కామెంట్‌లో చెప్పండి, మొత్తం అంకె చాలు. ఫోన్ నంబర్లు మాత్రం పెట్టొద్దప్పా. వచ్చే ఎపిసోడ్‌లో నంబర్ పోర్ట్ చేసేటప్పుడు ఏమేం చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.