గోడమీది ధిక్కారమునకు వెల



బియ్యపు మిల్లులో గోనెబస్తాలమీద పేరు వేయుట మీరందఱును చూచియే యుందురు. అక్షరములు కత్తిరించిన రేకును బస్తాపై నుంచి, రంగులో ముంచిన కుంచెతో దానిమీద రుద్దుదురు. రేకు తీయగానే పేరు నిలుచును. నూఱు బస్తాలైనను చూచుచుండగనే ముగియును. నేడు నేను చెప్పబోవు బొమ్మలకు మూలము ఈ పద్ధతియే. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున బయలుదేరి, బ్యాంక్సీ యను మాఱుపేరుతో లోకప్రసిద్ధుడైన చిత్రకారు డొకడు కలడు. ఇతడు అట్టలో బొమ్మను ముందుగా కత్తిరించుకొని పోయి, పరుల గోడమీద నదిమిపట్టి, రంగు చల్లి, ఎవరును చూడకముందే తప్పుకొనును. యజమాని సెలవు లేక గోడమీద వ్రాయుట ఆ దేశమున నేరము. అందుచేతనే వేగము కావలసివచ్చినది. అందుచేతనే మాఱుపేరును కావలసివచ్చినది. తన యసలు పేరును అతడు తానై ప్రకటింపలేదు.

ఇతని బొమ్మలు చాలవఱకు అధికారమును ఎగతాళి చేయునవి. 2002వ సంవత్సరమున కాగితముమీద అచ్చొత్తించి అమ్మిన మొదటి బొమ్మ ఒక పోలీసు జవానుది. తలపై ఇంగ్లీషు జవానులు పెట్టుకొను ఎత్తయిన టోపీ యున్నది. చూచువారివైపు చేయి చాచి, నడిమి వ్రేలిని పైకెత్తి చూపుచున్నాడు. ఆ సంజ్ఞకు మన యూళ్లలో సరిపోవు మాట కలదుగాని, రేడియోలో పలుకదగినది కాదు. పటము పేరు "రూడ్ కాపర్". మొరటు పోలీసని యర్థము. ఇందొక విశేషమును గమనింపవలెను. ఇది జనులు పోలీసును తిట్టుట కాదు. పోలీసే జనులను తిట్టుచున్నాడు! వీధిలో మర్యాద నిలుపుటకు జీతము పుచ్చుకొనువాడే మర్యాద తప్పినచో ఫిర్యాదు ఎవరికి చేసికొనవలెను? ఆ ప్రశ్నను ఒక్క మాటయైనను వ్రాయక బొమ్మచేతనే అడిగించినాడు.

ఈ పటములను అచ్చొత్తు విధము మిల్లు రేకుకంటె ఒక మెట్టు పైది. చట్రమునకు సన్నని వలవంటి గుడ్డను బిగింతురు. పూర్వము పట్టుగుడ్డ వాడెడివారు, ఇప్పుడు పాలియెస్టరు. రంగు పడగూడని చోట్ల ఆ గుడ్డ కన్నములను పూతతో మూసివేయుదురు. చట్రమును కాగితముపై దించి, రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్కమాఱు లాగినచో, మూయని కన్నములగుండా రంగు దిగి బొమ్మ యేర్పడును. మన పట్టణములలో పెండ్లి శుభలేఖలు పెక్కేండ్లుగా ఇట్లు అచ్చగుచున్నవి. ఖర్చు స్వల్పము. ఒక్క చట్రముతో వేలకొలది ప్రతులు తీయవచ్చును.

అయినను "రూడ్ కాపర్" 250 ప్రతులతో ఆగిపోయినది. ఇట్టి పటముల యడుగున "250లో ఇన్నవది" యని ప్రతి సంఖ్య వేయుట ఆచారము. రాగిరేకుమీద సూదితో గీసి ఒత్తు పాతకాలపు బొమ్మలకు ఇట్టి హద్దుండుట న్యాయమే. కొన్ని ప్రతులు తీయగానే రేకుమీది గీతలు అరిగిపోవును. గుడ్డచట్రమునకు అట్టి యరుగుదల అంత త్వరగా రాదు. కావున ఈ హద్దు పనిముట్టు పెట్టినది కాదు, మనుష్యుడు పెట్టినది. బొమ్మ కొఱతపడవలెనని కోరి పెట్టినది. ఈనాడు మీకు విన్నవింపదలచిన విషయమంతయు ఆ చిన్న సంఖ్యలోనే యున్నది.

సంఖ్య లేకుండ ఇదే పని చేసినవారు అంతకు ముందు లేకపోలేదు. 1968 మే నెలలో ఫ్రాన్సు దేశమున విద్యార్థులును కార్మికులును ప్రభుత్వముపై తిరుగబడిరి. ప్యారిసునందలి చిత్రకళాశాలను విద్యార్థులు ఆక్రమించుకొని, అందు "ప్రజల కార్ఖానా" యని యొకటి నెలకొల్పిరి. ఏ బొమ్మ అచ్చు వేయవలెనో అందఱును సభగా కూడి తేల్చుకొనెడివారు. ఇట్టి గుడ్డచట్రములతోనే రేయింబవళ్లు ఒత్తి వీధిగోడల కంటించిరి. లాఠీ యెత్తిన పోలీసు బొమ్మ అందును గలదు. అతని డాలుపై హిట్లరు దళముల గుర్తును వేసిరి. ఏ పటముమీదను చిత్రకారుని పేరు లేదు. ఇవి అలంకారమునకు కావనియు, పోరాటపుచోట తప్ప వేఱొకచోట పెట్టినచో వీని పని చెడుననియు ఆ కార్ఖానావారు ప్రకటించిరి. జూన్ 27వ తేదీన పోలీసులు వచ్చి వారిని వెడలగొట్టిరి. వారు వలదన్నదే తుదకు జరిగినది. నేడా పటములు మ్యూజియములలో నున్నవి, వేలములలోను కొనుచున్నారు.

పేరు లేనివాని గతియే ఇట్లున్నప్పుడు, పేరును సంఖ్యయు గల పటముల సంగతి చెప్పనేల? 2004లో బ్యాంక్సీ వెలువరించిన "బుడగతో బాలిక" పటమును సంతకముతో 150, సంతకము లేక 600 ప్రతులు ఒత్తిరి. ఇట్టివి మొదట సామాన్యులు కొనగల వెలకే అమ్ముడుపోయి, పిమ్మట వేలములలో వేలకొలది పౌనులు పలికినవి. వెల పెరుగగనే దొంగ ప్రతులు బయలుదేరెను. అందుచే 2008లో బ్యాంక్సీ పక్షమున, ఏది యసలో ఏది నకిలీయో తేల్చుటకు ఒక కార్యాలయము వెలసినది. దాని పేరు పెస్ట్ కంట్రోల్, అనగా చీడల నివారణ! అది యిచ్చు ధ్రువపత్రమునకు సగము చింపిన పది పౌనుల నోటొకటి జతచేయబడి యుండును. మన రసీదు పుస్తకములో సగము చింపి యిచ్చి సగము కుట్టుననే యుంచుకొన్నట్లు, రెండవ సగము కార్యాలయమునందుండును. ఆ నోటైనను ప్రభుత్వపు నోటు కాదు. రాణిగారి ముఖమునకు మాఱుగా డయానా ముఖము వేసి బ్యాంక్సీ 2004లో ఒత్తించిన పరిహాసపు నోటు. అధికారమును వెక్కిరించినవానికి కూడ తుదకు ముద్రయు, దస్తావేజును, కచ్చేరియు కావలసివచ్చినవి.

దీనికి అతనిని నేను తప్పుపట్టను. నకిలీలచే మోసపోవువారిని కాపాడవలెను గదా. కాని మఱియొక పటము విషయమున నాకు సమాధానము కలుగలేదు. 1987లో లండను వేలమున వాన్ గో పొద్దుతిరుగుడు పూల చిత్రము రెండుకోట్ల పౌనులకు మించి పలికెను. ఆ వేలపుసభను తలపించునట్లు బ్యాంక్సీ 2006లో "మొరాన్స్" అను పటము చేసెను, మందమతులని యర్థము. అందు వేలము వేయు చట్రములో బొమ్మ లేదు, కొనువారిని తిట్టు మాటలు మాత్రమున్నవి. కొనువారిని మూఢులని తిట్టుచు, ఆ తిట్టును సంఖ్య వేసి అమ్మిరి. కొనువారు నవ్వుచు కొనిరి. 2021లో ఒక సంస్థవారు 95,000 డాలర్లకు కొన్న ప్రతిని అందఱు చూచుచుండ కాల్చివేసి, కంప్యూటరులో మిగిలిన దాని ఛాయను అంతకు నాలుగింతల వెలకు అమ్ముకొనిరి. తిట్టు తగులవలసినవానికి లాభముగా మాఱినచో అది యెవరిని నొప్పించినట్లు? వీధిగోడమీద నున్న మొరటు పోలీసు బొమ్మను పహరా తిరుగు జవానే చూచును. చూచి సిగ్గుపడవచ్చును, కోపగింపవచ్చును. ధనికుని చావడిలో గాజు వెనుక నున్నదానిని ఏ జవానును చూడడు.

ఇదంతయు అతడు ఎఱుగనిది కాదు. 2013 అక్టోబరులో న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కు ప్రక్కన ఒక ముసలివానిచే వీధి దుకాణము పెట్టించినాడు. తాను సంతకము చేసిన అసలు పటములనే అందుంచి, వెల 60 డాలర్లని వ్రాయించెను. సంగతి ఎవరికిని చెప్పలేదు. గంటలు గడచినను బేరము లేదు. తుదకు ఒక స్త్రీ తన పిల్లలకొఱకు రెండు చిన్న పటములు బేరమాడి సగము ధరకే కొన్నది. సాయంకాలమునకు అమ్ముడైనవి ఎనిమిది. వచ్చినది 420 డాలర్లు. ముసలివాడు మిగిలినవి సర్దుకొని పోయెను. మఱుసటి యేడు లండను వేలమున, ఆ దుకాణములో కొన్న పటములు రెంటికి కలిపి లక్ష పౌనులకు పైగా వచ్చినవి.