పక్క ఫండ్ కొన్నదని కొనకండి

  

ఇవాళ మస్కట్ దగ్గర ఈ అల్ అమెరాత్‌లో పట్టాలు అందుకున్న మీలో కొందరు రేపు మ్యూచువల్ ఫండ్లలో, బీమా కంపెనీల్లో, పింఛను నిధుల్లో చేరతారు. అక్కడ మీరు తిప్పేది ఎవరో ముప్పై ఏళ్లు కూడబెట్టుకున్న డబ్బు. నేను ముంబయిలో అనలిస్టుగా చేరినప్పుడు, పొద్దుటి మీటింగులో కంపెనీ లెక్కల కంటే ముందు వాటాదారుల జాబితా బల్ల మీదికి వచ్చేది. పెద్ద ఫండ్ల పేర్ల మీద పసుపు గీతలు. ఎవరు పెంచుకున్నారు, ఎవరు తగ్గించుకున్నారు, అదే చర్చ. బ్యాలెన్స్ షీటు తెరిచేసరికి సగం నిర్ణయం అయిపోయేది.

ఆ అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో సత్యం కంప్యూటర్స్ చూపించింది. అది మన హైదరాబాద్ కంపెనీ. 2008 చివరికి అందులో ప్రమోటర్ల వాటా పదో వంతు కూడా లేదు. సింహభాగం దేశ, విదేశీ పెట్టుబడి సంస్థలదే. ఆ సెప్టెంబరు లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అంత సొమ్ము ఏ బ్యాంకులో ఉంది, దాని మీద వడ్డీ ఎంత వస్తోంది, ఊరికే ఎందుకు పెట్టుకున్నారు? ఈ మూడు ప్రశ్నలు పట్టుబట్టి అడగాల్సినవి. ఇన్ని పెద్ద పేర్లున్నాయి, ఎవరో ఒకరు అడిగే ఉంటారులే అన్న ధీమాతో ఆ సంస్థలు సరిపెట్టుకున్నట్టున్నాయి. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన ఆ నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు! 179 రూపాయల షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గర ఆగింది.

అదే సంస్థలు మూడు వారాల ముందు ఏం చేశాయో కూడా వినండి. 2008 డిసెంబరు 16 సాయంత్రం, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. కాన్ఫరెన్స్ కాల్‌లో ఫండ్ మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు నిలదీశారు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది. తెల్లారేలోగా కంపెనీ ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. మౌనంగా ఒకరినొకరు చూసుకున్నన్నాళ్లూ మోసం సాగింది. నోరు విప్పి ఒక్కమాట మీద నిలబడితే ఒక్క రాత్రిలో పని జరిగింది.

అందుకే ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల మీద నాకు కోపం వస్తుంది. ఈ షేరు ఎందుకమ్మా అంటే, "సార్, పెద్ద ఫండ్లన్నీ అందులో ఉన్నాయి" అంటారు. అదేం జవాబు తల్లీ! మూడేళ్లు చదివి గొర్రెదాటు నేర్చుకున్నారా? ఆ పెద్ద ఫండ్‌లో కూర్చున్న కుర్రాడు కూడా మీ ఫండ్ పేరు చూసి కొని ఉంటే?

ఇక్కడి సంగతే చూడండి. 2024 అక్టోబరులో ఒమన్ చమురు కంపెనీ ఓక్యూ ఎక్స్‌ప్లోరేషన్ అండ్ ప్రొడక్షన్ పబ్లిక్ ఇష్యూకి వచ్చి 200 కోట్ల డాలర్లకు పైగా సమీకరించింది. ఒమన్‌లో అంతకు ముందు అంత పెద్ద ఇష్యూ లేదు. యాంకర్ ఇన్వెస్టర్లు, అంటే ఇష్యూలో వాటాలు కొంటామని ముందే మాటిచ్చే పెద్ద మదుపరులు, చేరారు. అయినా లిస్టయిన రోజే షేరు ఇష్యూ ధర కంటే దిగింది. కంపెనీ చెడ్డదని కాదు. యాంకర్ల లెక్క వేరు, వాళ్లు ఆగగలిగే కాలం వేరు. వాళ్ల పేరు చూసి దరఖాస్తు పెట్టినవాడికి ఆ ఓపిక ఎక్కడిది?

పైగా మస్కట్ మార్కెట్ చిన్నది. వేర్వేరుగా ఉన్న పింఛను నిధుల్లో చాలావరకు ఇప్పుడు సామాజిక రక్షణ నిధి కింద ఒక్కటయ్యాయి. కొనే చేతులు కొన్నే ఉన్నచోట ఒక చేయి కదిలితే ధరే కదులుతుంది. ఇక్కడ సొంత లెక్క మరీ అవసరం.

మరి ఇతర ఫండ్లతో మాట్లాడకూడదా? మాట్లాడండి. ఫలితాలు బయటికి రాకముందే చెవిలో చెప్పుకోవడం నేరం. ఆ పక్కకే పోకండి. కంపెనీ తప్పుదారి పడితే కలిసి నిలదీయడం మీ పని. ఇండియా మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2019లో ఫండ్ల బాధ్యతల మీద తెచ్చిన స్టీవార్డ్‌షిప్ కోడ్ కూడా అవసరమైతే తోటి సంస్థలతో చేయి కలపమంటోంది.

ఏ ఫండ్‌లో చేరినా మొదటి వారంలోనే దాని ఓటింగ్ రికార్డు తెప్పించుకోండి. ఇండియాలో మ్యూచువల్ ఫండ్లు ఏ తీర్మానానికి ఎటు ఓటేశాయో, ఎందుకు వేశాయో బయటపెట్టాలి. వ్యతిరేకంగా వేసినవి వెతకండి. పక్కన రాసిన కారణం చదవండి. అన్నిటికీ ఒకే వాక్యం అతికించి ఉంటే, మీ బాసు దగ్గరికి వెళ్లి ఎందుకని అడగండి.