ఇల్లు చూడడానికి వచ్చేవారు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న కలిసినప్పుడల్లా మనం 1982 నాటి నకారా తీర్పును తలుచుకుంటాం. డీఏ గురించి, బకాయిల గురించి, వైద్యం బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. వాటిని నాకంటే బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శి గారు నాకిచ్చిన పదిహేను నిమిషాలూ ఇంటి బీమా గురించి, ఆ బీమా కోసం మన ఇల్లు చూడడానికి వచ్చే మనుషుల గురించి మాట్లాడతాను. నవ్వకండి. నేనూ ఒకప్పుడు ఇలాగే నవ్వినవాణ్ణే.

మనలో చాలామందికి ఆస్తి అంటే ఒక్క ఇల్లే. హౌస్ బిల్డింగ్ అడ్వాన్సుతో గోడలు లేపి, గ్రాట్యుటీతో గచ్చు చేయించి, కమ్యుటేషన్ డబ్బుతో పైన ఒక గది వేసుకున్నవాళ్లం. అడ్వాన్సు తీరేవరకు ఇంటికి బీమా ఉండాలని షరతు పెట్టేవారు గనుక కట్టాం. ఆఖరి వాయిదా చెల్లిన రోజున ఆ కాగితాన్ని కూడా ట్రంకుపెట్టెలో పడేశాం. అప్పు తీరింది, ఇక బీమా ఎందుకని మన లెక్క. ఆ బీమా అప్పిచ్చినవాడి ధైర్యం కోసం పెట్టింది. మన ధైర్యం కోసం మనమెవరమూ ఏమీ పెట్టుకోలేదు.

నేను 1975లో ఎల్డీసీగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ఉద్యోగం ఎక్కువగా పాలమూరు జిల్లా తహసీలు కార్యాలయాల్లో. ఇల్లు చూడడం, పంచనామా రాయడం నాకు కొత్త కాదు. వానలు పట్టుకుంటే ఊళ్లలో మట్టి మిద్దెలు కూలేవి. పైన పరిచిన చౌడుమట్టి నీళ్లు పీల్చి బరువెక్కితే దూలాలు విరిగేవి. గిర్దావరు గారు చూసి వచ్చి చెబితే నేను రాసేవాణ్ణి. పూర్తిగా కూలినవి ఇన్ని, పాక్షికంగా దెబ్బతిన్నవి ఇన్ని. పాక్షికానికి వచ్చే సాయం అతి తక్కువ. 'సారూ, పూర్తిగా అని రాయండి' అని ముసలమ్మలు బతిమాలిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, కృష్ణ ఒక్కసారిగా పొంగి కర్నూలు పట్నం మునిగింది. ఇవతల మన అలంపూరు, రాజోలి మునిగాయి. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా పాత మిత్రులకు సాయంగా వెళ్లి కొన్ని జాబితాలు రాసిపెట్టాను. ఆ జాబితాల్లో కలిగినవారి ఇళ్లు కూడా ఉన్నాయి. బీమా కాగితం చూపినవారు మాత్రం నాకు ఒక్కరూ కనిపించలేదు.

ఇంత చూసినవాణ్ణి, నా ఇంటి దగ్గర నేను చేసిన పని వినండి.

నల్లగొండలో మా ఇల్లు రెండు ముక్కలు. వెనుక నాయిన కట్టిన గది, మట్టిగోడ, పైన పెంకులు. ముందు నేను అడ్వాన్సు తీసుకొని వేసిన స్లాబు గదులు. తెలిసిన ఏజెంటు ఒకతను వచ్చి, 'సార్, ఏడాదికి కొద్ది డబ్బులే, ఇంటికి పాలసీ తీసుకోండి' అన్నాడు. సరే అన్నాను. ఫారం తనే నింపాడు. గోడలు ఇటుక, పైకప్పు స్లాబు, విలువ 8 లక్షలు. ఎవరూ ఇల్లు చూడడానికి రాలేదు. టీ తాగుతూ సంతకం చేశాను. చదవలేదు.

2020 అక్టోబరు వానలకు మా వీధి నీళ్లు ఇంటి చుట్టూ మోకాలి లోతున రాత్రంతా నిలిచాయి. తెల్లవారేసరికి వెనుక గది గోడ కూలింది, పెంకులతో సహా. ప్రహరీ పడిపోయింది. ముందు గదుల కిటికీలు, తలుపులు ఉబ్బి పాడయ్యాయి. కంపెనీకి ఫోన్ చేస్తే సర్వేయర్ వచ్చాడు. మా పెద్దవాడి వయసు ఉంటుంది. మర్యాదస్తుడు. టేపు పెట్టి కొలిచాడు, ఫొటోలు తీశాడు. కూలిన గోడలోంచి మట్టిగడ్డ ఒకటి చేతిలోకి తీసుకొని చూశాడు. తరువాత సంచిలోంచి ఫారం నకలు తీసి నా ముందు పెట్టి, 'సార్, ఇందులో ఇటుక గోడ అని ఉంది. సంతకం మీదేనా?' అని అడిగాడు.

సంతకం నాదే.

వెనుక గది లెక్కలోకి రాలేదు. ప్రహరీ, కిటికీలు, తలుపులు కలిపి నష్టం 62 వేలని తేల్చారు. ఆ రోజు ధరలకు ఇల్లు మళ్లీ కట్టాలంటే 16 లక్షలు అవుతుంది, మీరు 8 లక్షలకే బీమా చేయించారు, కనుక సగమే అన్నారు. చేతికి వచ్చింది 31 వేలు. బాగుచేయించడానికి నాకైన ఖర్చు లక్షా 40 వేలు. కంపెనీని తిట్టాను, ఏజెంటును తిట్టాను. అంతా విని మా ఇంటావిడ ఒకే మాట అన్నది. 'ఊళ్లోవాళ్ల దరఖాస్తులకు ముప్పై మూడేళ్లు కొర్రీలు పెట్టి వెనక్కి పంపితిరి. మీ దరఖాస్తుకు ఒక్క కొర్రీ పెట్టుకోలేకపోతిరా?'

దానికి నా దగ్గర జవాబు లేదు.

2022లో మా పెద్దవాడి దగ్గరికి డల్లాస్ వెళ్లాము. వాడు కొత్తగా ఇల్లు కొన్నాడు. కొన్న నెలలోపే బీమా కంపెనీ పంపిన మనిషి వచ్చాడు. ఇంట్లోకి కూడా రాలేదు. చుట్టూ తిరిగి పైకప్పు, గోడలు, మెట్ల కమ్మీలు, ఇంటి మీదికి వంగిన చెట్టుకొమ్మ ఫొటోలు తీసుకొని వెళ్లాడు. వడగళ్ల వానలు ఎక్కువైన ప్రాంతం గనుక పైకప్పు మీదే వాళ్ల చూపంతా. ఇప్పుడు డ్రోనులతో, విమానం నుంచి తీసిన ఫొటోలతో కూడా చూస్తున్నారు. కప్పు పాతబడితే మార్చుకొమ్మని గడువు ఇస్తారు. మార్చకపోతే పాలసీ కొనసాగించకపోవచ్చు. మావాడికి కొమ్మ కొట్టించమని ఉత్తరం వచ్చింది. వాడు విసుక్కున్నాడు. నాకు మాత్రం మా వెనుక గది గుర్తుకొచ్చింది. అక్కడ ముందు చూసి పాలసీ ఉంచాలో తీసేయాలో తేల్చుకుంటారు. ఇక్కడ మన మామూలు ఇళ్లకు ముందు ఎవరూ రావడం అరుదు. ఫారంలో మనం రాసిందే నమ్మి పాలసీ ఇస్తారు. చూడడానికి వచ్చేది ఇల్లు దెబ్బతిన్నాక. కాబట్టి ముందు రావలసిన ఆ మనిషి పని మనమే చేసుకోవాలి. బ్యాంకు వాల్యూయర్ వచ్చి చూశాడు కదా అని కొందరంటారు. ఆయన వచ్చింది బ్యాంకు అప్పు కోసం. మీ ఫారంలో ఏముందో ఆయనకు తెలియదు.

ఇప్పుడు మారిన సంగతులు చెబుతాను. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 'భారత్ గృహ రక్ష' అనే పాలసీని తెచ్చింది. నాకు సగం కోత పెట్టిన ఆ నిబంధన ఇందులో లేదు. విలువ తక్కువ వేసినా, ఆ విలువ పరిమితి వరకు నష్టం పూర్తిగా ఇస్తారు. విలువ కట్టే పద్ధతి కూడా తేలిక. కార్పెట్ ఏరియాను, ఆ రోజు చదరపు మీటరు కట్టుబడి ఖర్చుతో గుణించడమే. స్థలం విలువ ఇందులో కలపకూడదు. స్థలాన్ని వరద ఎత్తుకుపోదు కదా! ఇంట్లోని సామానుకు కట్టడం విలువలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, దానంతట అదే వర్తిస్తుంది. నగలు అందులోకి రావు. వాటికి వేరుగా రాయించుకోవాలి. అగ్నిప్రమాదం, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, నీళ్ల ట్యాంకు పగలడం, అల్లర్లు, ఇవన్నీ ఉన్నాయి. పిడుగుల సంగతి మన రెండు జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

రానివి కూడా తెలుసుకోవాలి. చెదలు, పాతబడి పెచ్చులూడడం, కొత్త ఇల్లు కుదురుకునేటప్పుడు వచ్చే పగుళ్లు, ఇవి బీమాకు సంబంధించినవి కావు. కరెంటు హెచ్చుతగ్గులకు ఫ్రిజ్ కాలిపోతే ఆ ఫ్రిజ్ డబ్బు రాదు. ఆ మంట ఇంటికి అంటుకుంటే ఇంటి నష్టం వస్తుంది. ఇక కచ్చా ఇల్లు అంటే ఏమిటో కూడా రాసిపెట్టారు. గోడలు గానీ కప్పు గానీ చెక్కపలకలు, గడ్డి, ఆకులు, వెదురు, ప్లాస్టిక్ గుడ్డ, టార్పాలిన్ వంటివాటితో ఉంటే కచ్చా. మట్టిగోడ మాట ఆ జాబితాలో కనిపించదు. కనిపించదు కదా అని దాచకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, రాసినట్టు ఒక నకలు దగ్గర పెట్టుకోండి. పైన రేకుల షెడ్డు వేసినా, కింద మడిగె అద్దెకిచ్చినా, పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తూ ఇంటికి తాళం వేసినా కంపెనీకి ఒక ఉత్తరం రాయండి.

నష్టం జరిగిందే అనుకోండి. వెంటనే కబురు చెయ్యండి. సర్వేయర్ వచ్చేలోపు శిథిలాలు ఎత్తించకండి. తప్పనిసరైతే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయించండి. మీ మనవళ్లకు ఆ పని బాగా వచ్చు. నిప్పు అయితే ఫైర్ స్టేషన్ నుంచి కాగితం, ఇంటిపన్ను రసీదు, మునిసిపల్ అనుమతి, మేస్త్రీ ఇచ్చిన అంచనా ఒక ఫైలులో పెట్టండి. మనకు ఫైలు కట్టడం ఒకరు నేర్పాలా? నష్టం లక్ష దాటితే లైసెన్సు ఉన్న సర్వేయరే చూడాలి. గుర్తింపు కార్డు అడిగి చూడండి, ఆయన ఏమీ అనుకోడు. ఆయన ఫీజు కంపెనీది. మీరు ఇచ్చేది మంచినీళ్లు, చాయ్ మాత్రమే. 2024 నాటి ఆదేశాల ప్రకారం కబురు అందిన 24 గంటల్లో సర్వేయర్‌ను వేయాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, ఆ పైన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. నివేదిక నకలు అడిగి తీసుకోండి. ఖాళీ కాగితం మీద, అంకె వేయని సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి. ఈ మాట చెప్పే అర్హత నాకు బాగా ఉంది.

అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఏడాది లోపల వెళ్లాలి. రుసుము లేదు, వకీలు ఉండడు, మనమే మాట్లాడుకోవాలి. 50 లక్షల వరకు ఆయన విచారిస్తారు. నేను ఎందుకు వెళ్లలేదని అడుగుతారేమో. వెళ్లి ఆ ఫారం మీది సంతకం నాది కాదని చెప్పలేను గనుక వెళ్లలేదు.

వెనుక గదిని మళ్లీ మట్టితోనే లేపించాను. నాయిన గది, ఇటుకతో కట్టడానికి మనసు రాలేదు. మనవడు టేపు ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒక కొస పట్టుకున్నాను. ఒక్కొక్క గదీ లోపలి కొలత తీసి ఫారం నా చేతితో నింపాను. 'వెనుక గది: మట్టిగోడ, పెంకు కప్పు, తిరిగి కట్టినది' అని స్పష్టంగా రాశాను. 'ఇవన్నీ ఎందుకు సార్, ఇబ్బంది పెడతారు' అన్నాడు కొత్త ఏజెంటు. అతను చెప్పినట్టే వారం తరువాత కంపెనీ ఒక అబ్బాయిని పంపింది. గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు, చూరు కింద నిలబడి ఫొటోలు తీశాడు, చాయ్ తాగి వెళ్లాడు. ఆ గది వివరం పాలసీలో చేరి వచ్చింది.

నేను నింపిన ఫారం నకళ్లు ఓ యాభై తెచ్చాను, పేరూ చిరునామా కొట్టేసి. బయట రిజిస్టరు పెట్టిన బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు వెళ్లే ముందు తలా ఒకటి తీసుకోండి. మీ ఇంటి కొలతలు తీయడంలో సందేహం వస్తే, ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.